ముందు సీటు

ఫోను మోగినప్పుడు వజీరా ఎవరిదో స్కూలు గౌనుకు జిప్పు వేస్తోంది. ఇస్నాపూర్‌లో మసీదు సందు మొదట్లో ఆమెది చిన్న కుట్టు దుకాణం. చుట్టుపక్కల కిరాయి గదుల్లో ఉండే ఫ్యాక్టరీ మనుషుల ప్యాంట్లు పొట్టి చేయడం, పిల్లల యూనిఫారాలు కుట్టడం ఆమె పని. ఫోన్లో అన్న ఫజలుద్దీన్ గొంతు.

"వజీరా, పరేషాన్ గాకు. సమద్‌కు చిన్న యాక్సిడెంట్ అయింది. బండి స్కిడ్ అయింది, గంతే. పటాన్‌చెరుల దవాఖానకు తీస్కొచ్చిన. జెర జల్దీ రా."

చిన్న యాక్సిడెంట్ అయితే జల్దీ రమ్మనడం దేనికి? ఆటో ఎక్కాక ఆమెకు ఆ ప్రశ్న తోచింది. దాని వెనకే ఇంకొకటి. ఆ వేళకు సమద్ డ్యూటీలో ఉండాలి. అతను మందుల ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరు. డ్యూటీలో ఉన్న మనిషికి ఏమైనా అయితే ఫ్యాక్టరీ నుంచి ఫోన్ రావాలి గానీ, పటాన్‌చెరులో పాత కార్లు అమ్మిపెట్టే తన అన్న మధ్యలో ఎక్కణ్నుంచి వచ్చాడు?

దవాఖానలో సమద్ స్ట్రెచర్ మీద ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వజీరా కుడికాలు చూసింది. ఎడమకాలి కన్నా పొట్టిగా ఉంది. మోకాలు ముడుచుకుని, లోపలికి తిరిగి, రెండో తొడ మీదికి వాలిపోయింది. ఆ కాలు వేరే ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. ఆమె ముట్టుకోబోతే సమద్ కేక పెట్టాడు.

"యాడ అయింది?"

"బొంతపల్లి కాడ," అన్నాడు అతను, పళ్లు బిగబట్టి. "రోడ్డు మీద ఇసుక ఉండె. బండి జారింది."

"డ్యూటీల ఉండాల్సినోనివి బొంతపల్లికి ఎందుకు పోయినవ్?"

సమద్ కళ్లు మూసుకున్నాడు. ఫజలుద్దీన్ అందుకున్నాడు. "సూపర్‌వైజర్ పంపిండట. ఏదో పైపు తెమ్మని."

అడిగింది ఒకర్ని, చెప్పింది ఇంకొకరు. వజీరా ఆ మాట గుర్తుపెట్టుకుంది.

వాళ్లింట్లో ఉర్దూ నడుస్తుంది. కానీ వజీరా పుట్టి పెరిగింది సదాశివపేట పక్క పల్లెలో, తెలుగు వాళ్ల వాకిళ్ల మధ్య. కోపం వచ్చినా, భయం వేసినా ఆమె నోట తెలుగే వస్తుంది. ఉర్దూలో భర్తను మర్యాదగా 'ఆప్' అనే మనిషి, తెలుగులోకి దిగిందంటే 'నువ్వు' అంటుంది. ఆమె తెలుగు ఎత్తుకుంటే భర్త, కూతురు, అన్న ముగ్గురూ జాగ్రత్తపడతారు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఆమె నోట ఒక్క ఉర్దూ ముక్క రాలేదు.

డ్యూటీ డాక్టరు తుంటి కీలు తప్పిందన్నాడు. తొడ ఎముక తల దాని చోటు వదిలి వెనక్కి జారిందని, వెంటనే లోపల వేయకపోతే దానికి రక్తం అందక పాడవుతుందని చెప్పి, మత్తిచ్చి లాగి సరిచేశారు. బయటికి తెచ్చాక రెండు కాళ్లూ సమానంగా, తిన్నగా కనిపించాయి. ఇక గండం గడిచిందనుకుంది వజీరా. "స్కాన్ తీశాం. రేపు పెద్ద డాక్టరమ్మ వచ్చి చూస్తారు," అన్నాడు అతను. అలా అంటూ ఆమె మొహం చూడలేదు.

మర్నాడు వచ్చిన సర్జన్ పేరు లక్ష్మీప్రసన్న. తండ్రి ప్లాంటు ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆమె ఆ ప్లాంటు క్వార్టర్లలోనే పెరిగింది. పొట్టి మనిషి, గట్టి చేతులు. ఎడమ అరచేతిని గిన్నెలా ముడిచి, అందులో కుడి పిడికిలి పెట్టి చూపించింది.

"తొడ ఎముక తల బంతిలా ఇలా ఒక గిన్నెలో కూర్చుని తిరుగుతుందమ్మా. ఆ గిన్నె తుంటి ఎముకలో ఉంటుంది. మీవారికి విరిగింది తొడ ఎముక కాదు, ఆ గిన్నె. వెనక అంచు పగిలి పక్కకు జరిగింది. ఒక పెచ్చు కీలు మధ్యలో ఇరుక్కుంది. అంచు లేకపోతే బంతి మళ్లీ జారుతుంది. పెచ్చును అలాగే వదిలేస్తే కదిలినప్పుడల్లా లోపల గీరేస్తుంది. తెరిచి, ముక్కల్ని వాటి చోట పెట్టి, ప్లేటుతో, స్క్రూలతో బిగించాలి."

"అయితే ఇయ్యాలనే చేస్తరా?"

"ఇవాళ కాదు. లోతైన ఆపరేషన్. రక్తం సిద్ధంగా ఉండాలి. ఏ ముక్క ఎక్కడిదో స్కాన్‌లో చూసుకుని నేను ముందే అనుకోవాలి. అందాకా బరువు కట్టి కాలు లాగి ఉంచుతాం. ఒక వారం లోపే చేసేస్తాను."

నిన్న క్షణం ఆగితే ముప్పన్నారు, ఇవాళ వారం ఆగినా ఫర్వాలేదంటున్నారు. మంచం మీద ఉంచుకున్నకొద్దీ దవాఖానకే లాభం కదా అనుకుంది వజీరా.

డాక్టరమ్మ సమద్ పాదం పట్టుకుని, "వేళ్లు పైకి ఎత్తండి," అంది. ఎడమ పాదం చటుక్కున లేచింది. కుడిది కొద్దిగా కదిలి ఆగిపోయింది. "కీలు వెనకే కాలికి వెళ్లే పెద్ద నరం ఉంటుంది. బంతి జారినప్పుడు అది నలిగింది. చూస్తూ ఉందాం," అని, దుప్పటి మోకాళ్ల పైకి జరిపింది. రెండు మోకాళ్ల కిందా అడ్డంగా ఒకే ఎత్తున నల్లగా కమిలిన చారలున్నాయి. వాటిని కాసేపు చూసి, మామూలుగా అడిగింది.

"కార్లో ముందు సీట్లో కూర్చున్నారా?"

"లేదు మేడమ్," అన్నాడు సమద్. "బండి మీద నుంచి పడ్డ."

"అవును మేడమ్, బండే," అన్నాడు ఫజలుద్దీన్, తలుపు దగ్గర నుంచి. ఎవరూ అతన్ని అడగలేదు.

డాక్టరమ్మ దుప్పటి సరిచేసి వెళ్లిపోయింది. వజీరా మాత్రం మొగుడి వైపు చూసింది. మొగుడు అన్న వైపు చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అన్న చెయ్యి గడ్డం మీదికి పోయింది.

ఆ సాయంత్రం ఆమె స్నానానికని అన్న ఇంటికి వెళ్లింది. దవాఖానకు దగ్గర. ఇంటి వెనక ఖాళీ జాగాలో అమ్మకానికి పెట్టిన కార్లు రెండుమూడు ఎప్పుడూ ఉంటాయి. బట్టలు ఆరేయడానికి వెళితే గోడ పక్కన నీలం పరదా కప్పిన బండి కనిపించింది. అద్దం ఆకారం చూసే పోల్చుకుంది. అయినా పరదా ఎత్తింది. సమద్ బండే. 'మెకానిక్ దగ్గర పడేసిన, ముందటి చక్రం వంగింది' అని పొద్దున్నే చెప్పాడు ఫజలుద్దీన్. చక్రం తిన్నగా ఉంది. ఎక్కడా ఒక గీత లేదు. పక్క సంచిలో తను కట్టిచ్చిన టిఫిన్ డబ్బా ఉంది. మూత తీస్తే పులిసిన వాసన గుప్పుమంది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

డ్యూటీకి పోలేదు. బండి మీద పోలేదు. అన్నం తినలేదు. ఆకలికి ఆగలేని మనిషి సమద్. అంటే ఇంకెక్కడో తిన్నాడు. ఎవరో వండి పెట్టారు.

ఆమె డబ్బా మూత పెట్టి, పరదా ఎలా ఉన్నదలా కప్పేసింది. వదినను ఏమీ అడగలేదు. అడిగితే రాత్రికల్లా ముగ్గురూ కలిసి ఒక కొత్త కథ తయారుచేస్తారని ఆమెకు తెలుసు.

ఆ తర్వాత ఆమెకు అన్నీ కనిపించసాగాయి. తను వార్డులోకి రాగానే ఇద్దరూ మాటలు ఆపడం కనిపించింది. ఫజలుద్దీన్ కుర్చీలో కర్రలా కూర్చోవడం, తుమ్ము వస్తే రెండు చేతులతో ఛాతీ పట్టుకోవడం కనిపించింది. నీళ్ల క్యాన్ ఎత్తమంటే "నడుము పట్టింది" అని వార్డుబాయ్‌ని పిలిచాడు. పైగా ఒకటే పోరు పెట్టాడు.

"ఆపరేషన్ వద్దు వజీరా. గీ డాక్టర్లు ముట్టుకుంటే ఇనుపముక్క లేంది వదలరు. మనూరు దిక్కు ఎముకలు కట్టేటాయన ఉన్నడు. పసరు పోసి బద్దలు కడితే రెండు నెలల లేస్తడు. రేపే డిశ్చార్జి చేయించుకుందాం."

"కీలు మధ్యల ముక్క ఇరికింది అన్నది కదా డాక్టరమ్మ. పసరు పోస్తే గది బయటికొస్తదా?"

"గామె చెప్పిందల్లా నమ్ముతవా? కార్ల కూసున్నవా అని అడిగింది. గసొంటామెకు ఎముకల సంగతి ఏం తెలుస్తది?"

కారు మాట మళ్లీ అతనే ఎత్తాడు. వజీరా డాక్టరమ్మను పూర్తిగా నమ్మలేదు. కానీ ఆ డాక్టరమ్మ కంట పడకుండా సమద్‌ను తప్పించాలని అన్నకు అంత తొందర ఎందుకో ఆమెకు అంతుబట్టలేదు.

మరుసటి రోజు ఒక ఆడమనిషి వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన లేత ఆకుపచ్చ దుస్తులు, చేతిలో ఖర్జూరాల డబ్బా. "అస్సలాము అలైకుమ్," అని నెమ్మదిగా లోపలికి వచ్చి, "భాయ్ సాబ్ ఎట్లున్నరు?" అని అడిగింది. ఆమెను చూడగానే సమద్ మొహం మారిపోయింది. కాలికి బరువు కట్టి ఉందన్న సంగతే మరిచి లేవబోయి అమ్మా అని మూలిగాడు. ఫజలుద్దీన్ పరుగున వచ్చి, "మా దోస్తు వాళ్ల అక్క, యాస్మిన్," అన్నాడు. ఏ దోస్తో చెప్పలేదు.

వజీరా కూతురు ఆమ్నా అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి తండ్రి తల దగ్గర నిలబడి ఉంది. డిప్లొమా పూర్తిచేసి సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు తయారుచేసే కంపెనీలో ట్రైనీగా చేరింది ఆ పిల్ల. మెళ్లో కంపెనీ కార్డు ఇంకా తీయలేదు. యాస్మిన్ ఆమె వైపు తిరిగి నిండుగా నవ్వింది.

"నువ్వేనా ఆమ్నా?" అని బుగ్గ మీద చెయ్యి వేసింది.

ఆమ్నా తెల్లబోయి తల్లి వైపు చూసింది. యాస్మిన్ ఆ చూపు గమనించి చెయ్యి తీసేసింది. ఫజలుద్దీన్ "పేషెంటుకు నిద్ర కావాలె" అంటూ ఆమెను బయటికి తీసుకుపోయాడు.

వజీరా వాళ్లు పోయిన తలుపు వైపు చూసింది. నా బిడ్డ పేరు ఈమెకెలా తెలుసు? వండి పెట్టింది ఈమేనా? మొగుడు ఎవరింటికి పోయి వస్తుంటే దెబ్బ తగిలింది? అన్న కూడా అందులో ఉన్నాడా? తడిగుడ్డతో గొంతు కోస్తున్నది తోడబుట్టినవాడేనా? ఆ రాత్రి కూడా ఆమె సమద్‌కు అన్నం తినిపించింది, దిండు సరిచేసింది, మొహం తుడిచింది. అతను రెండుసార్లు ఏదో చెప్పబోయి మానుకున్నాడు. ఆమె అడగలేదు. తనంతట తానుగా ఏం చెబుతాడో చూద్దామనుకుంది.

ఆపరేషన్ ముందురోజు డాక్టరమ్మ వజీరాను తన గదికి పిలిచింది. జరగగల చెడ్డవన్నీ చెప్పింది. రక్తం పోవచ్చు, చీము పట్టవచ్చు, నరం కోలుకోకపోవచ్చు. అంచు బాగా అతికినా, బంతికి రక్తం సరిగా అందక ఏడాదికో రెండేళ్లకో అరిగిపోవచ్చు. అప్పుడు కీలు మార్చాల్సి రావచ్చు. వజీరా అన్నీ విన్నది. ఇన్ని చెడ్డ మాటలు ముందే చెప్పే మనిషి మోసం చేసేటట్టయితే ఒక్క మంచి మాటైనా కలిపి చెప్పేది కదా అనిపించింది.

"మేడమ్, ఒక్కటి అడుగుత. నిజం చెప్పుండ్రి. బండి మీది నుంచి పడ్డోనికి గిట్ల అయితదా?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "అవ్వొచ్చు. కానీ నేను ఎక్కువ చూసింది కార్లలో. కారు దేనికైనా గుద్దుకుంటే ముందు కూర్చున్న మనిషి మోకాళ్లు ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంటాయి. తొడ ఎముక వెనక్కి నెట్టుకుపోయి గిన్నె వెనక అంచును పగలగొడుతుంది. బెల్టు పెట్టుకోకపోతే ఇంకా ఎక్కువ. ఆ మోకాళ్ల కింద చారలు కూడా అలాంటివే. కానీ ఆయన కాదంటున్నారు. నేను అక్కడ లేను కదమ్మా."

"ఎవల కార్లనో మీకు తెల్వది."

"అది నాకు తెలియదు. ఎలా విరిగినా బాగుచేసే పద్ధతి ఒకటే."

వజీరా సంతకం పెట్టింది. కాలు బాగైతే చాలు, ఆ కాలితో ఎక్కడికి పోయాడో తర్వాత తేల్చుకోవచ్చు అనుకుంది.

పొద్దున్నే సమద్‌ను లోపలికి తీసుకుపోయారు. పోయే ముందు అతను ఆమె చెయ్యి పట్టుకుని, "వజీరా, నేను లేవకపోతే..." అన్నాడు.

"లేస్తవ్," అంది ఆమె. "లేచి నాకు జవాబు చెప్పాలె."

థియేటర్ బయట బల్ల మీద అన్నాచెల్లెళ్లు ఇద్దరే కూర్చున్నారు. ఆమ్నా పూర్తి రోజు సెలవు దొరక్క మధ్యాహ్నం వస్తానంది. ఫజలుద్దీన్ పెదవులు కదుపుతూ దువా చదువుతున్నాడు. చదువుతూ చదువుతూ దగ్గు వచ్చింది. దగ్గు ఆపుకోవడానికి రెండు చేతులతో ఛాతీ అదుముకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వజీరా అతని వైపు తిరిగి, చొక్కా మీద నుంచే ఛాతీ మధ్యలో రెండు వేళ్లు పెట్టి నొక్కింది.

ఫజలుద్దీన్ కెవ్వుమన్నాడు. అటు పోతున్న నర్సు వెనక్కి తిరిగి చూసింది.

"స్టీరింగ్ తగిలిందా భాయ్?" అంది వజీరా.

అతను ఒగరుస్తూ కూర్చున్నాడు.

"బండి మీ ఇంటెన్క పరదా కింద ఉన్నది. నేను చూసిన. అన్నం డబ్బా గూడ చూసిన. ఇగ చెప్పు. గా యాస్మిన్ ఎవరు? సమద్ ఎన్నొద్దుల సంది పోతున్నడు గామె దగ్గరికి?"

ఫజలుద్దీన్ ఒక్కసారిగా తలెత్తాడు. "తోబా తోబా! ఏం మాట్లాడుతున్నవ్? యాస్మిన్ పిలగాని అక్క."

"ఏ పిలగాడు?"

అతను ఇటూ అటూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. "రాహిల్ అని. బొంతపల్లి. ఫ్యాక్టరీలకు స్పేర్ పార్టుల దుకాణం ఉంది వాళ్లకు. మంచి పిలగాడు. సంబంధం చూసొద్దామని నా కార్లనే పోయినం. వాళ్లింట్లనే తిన్నం. వచ్చేటప్పుడు ముందట లారీ గభాల్న ఆగింది, నేను చూస్కోలే. సమద్ బెల్టు పెట్టుకోలే."

"ఎవలికి సంబంధం?"

"ఆమ్నాకు."

మొదట వజీరాకు కలిగింది ఊరట. మొగుడికి ఇంకో ఆడది లేదు. అంత ఊరట కలిగినందుకు తన మీద తనకే చీదర పుట్టింది. ఆ వెనకే కోపం వచ్చింది. రెండేళ్ల దాకా బిడ్డ పెళ్లి మాట ఎత్తొద్దని తను సమద్‌కు గట్టిగా చెప్పింది. అతను సరేనని తలూపాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు పోనిస్తవా? మాట ఖాయం చేసుకొని చెప్దామనుకున్నం. వాళ్లకేమో... నువ్వు, పిల్ల ఇద్దరు ఒప్పుకున్నరని చెప్పినం."

"ఎవరు చెప్పిండ్రు? నువ్వా, సమద్‌నా?"

ఫజలుద్దీన్ తల దించుకున్నాడు. "సమద్ చెప్పిండు. నేను పక్కన కూసున్న."

ఆమెకు లేచి వెళ్లిపోవాలనిపించింది. కానీ ఆ తలుపు అవతల మొగుడు పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు, తుంటి వెనక తెరిచి ఉంది. ఎక్కడికి పోతుంది?

"కిందికి పో," అంది అన్నతో. "క్యాజువాల్టీల చూపిచ్చుకో. గిన్ని దినాలు పక్కటెముకలు ఇరగ్గొట్టుకొని తిరుగుతున్నవ్, సిగ్గు లేకుంట. నాకు పసరు మందు చెప్పినవ్, నువ్వైనా పోసుకున్నవా?"

అతను గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు. ఎక్స్‌రేలో రెండు పక్కటెముకలు చిట్లినట్టు తేలింది.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ బయటికి వచ్చింది. నుదుటి మీద టోపీ అచ్చు పడి ఉంది. ఇరుక్కున్న పెచ్చును తీసేశామంది. వెనక అంచు రెండు ముక్కలైందని, రెంటినీ చోటున కూర్చోబెట్టి, ఎముక వంపుకు తగ్గట్టు ప్లేటును వంచి బిగించామంది. స్క్రూ ఒక్కటి కూడా కీలులోకి పోకుండా ఎక్స్‌రే పెట్టి చూసుకుంటూ వేశామంది. "నరాన్ని కంటితో చూశాను. కమిలింది గానీ తెగలేదు. బంతి మీద ఒక గీత ఉంది, అది నేను చేయగలిగింది కాదు."

"పాదం లేస్తదా?"

"ముందు ఎంత లేచిందో ఇప్పుడూ అంతే లేవాలి. అంతకన్నా తగ్గితే నాకు చెప్పండి."

సాయంత్రం మత్తు దిగాక వజీరా మొగుడి పాదం దగ్గర నిలబడింది. "ఎత్తు," అంది. బొటనవేలు కొంచెం కదిలింది, ముందు కదిలినంతే. చూడవచ్చిన చుట్టం ఎవరో, "ఆపరేషన్ల నరం కోసేసిండ్రు, గందుకే లేస్తలేదు," అని గొణిగితే వజీరా గయ్యిమంది. "మొదటి దినం సంది నేను చూస్తున్న. కోయకముందు గూడ గింతే లేచింది. తెల్వకుంట మాట్లాడకు." ఆ దవాఖానలో ఎవరినీ నమ్మని మనిషి డాక్టరమ్మ తరఫున మాట్లాడడం విని ఆమ్నా ఆశ్చర్యపోయింది.

తర్వాత రెండు రోజులు వజీరా సమద్‌తో ఉర్దూలోనే, 'ఆప్' అంటూ, ఎంతో మర్యాదగా మాట్లాడింది. నీళ్లు కావాలా, నొప్పి ఉందా, దిండు ఎత్తనా. అతను ఆ మర్యాదకు తట్టుకోలేకపోయాడు. గాయం పక్కన పెట్టిన గొట్టం తీసేసిన రోజు తనే మొదలుపెట్టాడు.

"భాయ్ చెప్పిండు కదా నీకు."

"చెప్పిండు. నువ్వెందుకు చెప్పలే?"

సమద్ పైకప్పు చూస్తూ మాట్లాడాడు. "ఫ్యాక్టరీల అంటున్నరు. నీ బిడ్డ చీకటి పడ్డంక కంపెనీ బస్సు దిగుతది, మగపిలగాళ్లతోని మాట్లాడుకుంట వస్తది అని. వినుడు నాతోని గాలే. పెండ్లి చేస్తే నోర్లు మూస్తరనుకున్న."

"వాళ్ల నోర్లు మూయనీకి నా నోట్ల నుంచి రాని మాట చెప్పినవ్. మేడమ్ కారా అని అడిగితే ఆమెకు గూడ అబద్ధం చెప్పినవ్. ఆమె నీ నడుము తెరిచి బాగుచేసేటామె."

"నువ్వు పక్కన నిలవడ్డవ్. ఎట్ల చెప్పాలె?"

తలుపు దగ్గర చప్పుడైంది. ఆమ్నా చేతిలో టీ ఫ్లాస్కుతో నిలబడి ఉంది. అంతా విన్నట్టు మొహమే చెబుతోంది. లోపలికి వచ్చి ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు.

"గామె నన్ను ఎందుకట్ల చూసిందో ఇప్పుడు తెలిసింది. అబ్బా, నన్ను ఒక్క మాట అడిగితే ఏం పోయేది?" అని తండ్రిని నిలదీసింది.

"అడిగితే వద్దంటవని..."

"ఏమో, పిలగాన్ని చూసి మంచిగుంటే సరే అందునేమో. నీకేం తెలుసు?" అని తల్లి వైపు తిరిగింది. "నువ్వు మాత్రం అడిగినవా అమ్మీ? రెండేండ్లు పెండ్లి వద్దు అని నువ్వే చెప్పినవ్. నేను చెప్పలే."

వజీరా ఫ్లాస్కు దగ్గరికి జరిపి మూత తిప్పింది. తను బిడ్డ పక్షాన ఉన్నాననే ఇన్ని రోజులూ అనుకుంది. బిడ్డ తన పక్షాన ఉందో లేదో చూసుకోలేదు.

"మరి నీకేం కావాలె?" అంది చివరికి.

"ఇప్పుడైతే పనిల పర్మనెంట్ కావాలె. తర్వాత సంగతి తర్వాత. అడిగినప్పుడు చెప్త," అని, ఆమ్నా తండ్రి పాదం కిందికి టవల్ పోనిచ్చి రెండు కొసలూ పట్టుకుంది. అది ఫిజియోథెరపీ ఆమె నేర్పిన కసరత్తు. "ఎత్తు అబ్బా. ఇంకొంచెం. దొంగతనం చెయ్యకు, గట్టిగ ఎత్తు."

ఇంటికి వచ్చాక సమద్ మూడు నెలలు కుడికాలి మీద బరువు మోపలేదు. వాకర్ పట్టుకుని ఒంటికాలి మీద గెంతాడు. నేల మీద కూర్చోకూడదు, ముందుకు వంగకూడదు. కుర్చీలో కూర్చునే నమాజు చేశాడు. అతను ఫోను మాట్లాడుతుంటే వజీరా కుట్టు మిషను ఆపి వినేది. ఎవరో కనుక్కోనిదే మళ్లీ పెడలు తొక్కేది కాదు. ఫజలుద్దీన్ వస్తే ఇద్దర్నీ ఒంటరిగా వదలకుండా అక్కడే కూర్చుని గుండీలు కుట్టేది. పాదం నెమ్మదిగా లేవడం మొదలైంది, మొదట వేళ్లు, తర్వాత పాదమంతా. చివరి ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ కర్ర సాయంతో నడవమంది. "అంచు బాగా అతికింది. బంతి సంగతి ఇప్పుడే చెప్పలేను. ఏడాది, రెండేళ్లు నాకు చూపిస్తూ ఉండండి," అంది. "మేడమ్, ఆ రోజు కార్లనే ఉన్న," అన్నాడు సమద్. "తెలుసండీ," అంది ఆమె, ఎక్స్‌రేను కవరులో పెడుతూ.

బొంతపల్లికి వెళ్లి వస్తానని సమద్ తనే అన్నాడు. ఫోన్లో చెప్పవచ్చు గదా అని ఫజలుద్దీన్ అంటే ఒప్పుకోలేదు. వజీరా కూడా బయల్దేరింది. అక్కడ అతను ఏం చెబుతాడో తన చెవులతో వినాలని.

యాస్మిన్ వాళ్ల ఇల్లు దుకాణం మీద మేడ. సమద్ ఒక్కో మెట్టు మీదా ఆగుతూ ఎక్కాడు. దివాన్ మీద కూర్చోమంటే, అంత కిందికి కూర్చోకూడదని చెప్పి ఎత్తు కుర్చీ అడిగాడు. టీ వచ్చేదాకా కూడా ఆగలేదు.

"మా ఇంట్ల ఎవరు ఒప్పుకోలేదమ్మా. నా భార్యకు తెల్వది, నా బిడ్డకు తెల్వది. ఒప్పుకున్నరని నేను అబద్ధం చెప్పిన. ఫజల్ భాయ్ కాదు, నేనే. మాఫ్ చెయ్యుండ్రి."

యాస్మిన్ అతని ఎదురుగా కూర్చుంది. కొంగు సర్దుకుంది. "నాకు దవాఖానలనే అనుమానం వచ్చింది. ఆమ్నాకు నేనెవరో తెల్వదు. మీకు గూడ తెల్వదు," అంది వజీరాతో. "తెల్వదని మీ కండ్లు చూసి తెలిసింది. మీరు నన్ను ఇంకేందో అనుకున్నరు."

వజీరా సిగ్గుతో నవ్వింది. "అనుకున్న."

"మా రాహిల్‌కు ఏం తొందర లేదు. వాడు గూడ పిల్లను చూడకుంట మాట ఖాయం చేస్తరా అని నా మీద లడాయి పెట్టుకున్నడు," అంది యాస్మిన్. టీ తాగాక మెట్ల దాకా వచ్చి సాగనంపింది. సంబంధం ఉన్నట్టా పోయినట్టా ఆమె అనలేదు, వీళ్లు అడగలేదు.

తిరిగి వస్తుంటే బస్సు కిక్కిరిసి ఉంది. కర్ర చూసి ఒకతను లేచి సీటిచ్చాడు. సమద్ కుడికాలు ముందుకు చాపి కూర్చున్నాడు. వజీరా పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది.

"నాకు తెల్వకుంట ఇంకేమన్న చేసినవా?" అంది, బస్సు కదిలాక.

"ఏం లేదు. ఖుదా కసమ్."

ఆమె తల ఊపి కిటికీలోంచి బయటికి చూసింది. ఫ్యాక్టరీ గోడలు, పొగగొట్టాలు, షిఫ్టు దిగిన మనుషులు వెనక్కి పోతున్నారు. ఇస్నాపూర్ దగ్గరపడుతుండగా వంగి మళ్లీ అదే మాట అడిగింది. అతను మళ్లీ అదే చెప్పాడు. ఆమె అతని చంక కింద చెయ్యి వేసి, మెల్లగా లేపి, దిగడానికి తలుపు దగ్గరికి నడిపించింది.